నువ్వుగింజ నానని నోరు

చాంటింగ్ ముక్కులో మైనం అడ్డుపడితే ఊదాలి. వెదురు పిడి చివర బొటనవేలంత రాగి గిన్నె, దానికి సూదిలాంటి ముక్కు. మూకుట్లో కాగే మైనంలో ముంచాలి, పెదవుల దగ్గరికి తెచ్చి ఫూ అనాలి, గుడ్డ మీద చుక్క పెట్టాలి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎన్నిసార్లు ఊదారో ఇలా మైనంతో బాటిక్ అద్దకం వేసే ఆడవాళ్ళెవరూ చెప్పలేరు. కన్ను ఎన్నిసార్లు ఆర్పామో మనం చెప్పగలమా? పర్తిని ఈ మూడు పనులూ ముప్పై ఏళ్ళుగా చేస్తోంది. ఇప్పుడు మధ్యలోది చేతకావడం లేదు.

ఊదుదామంటే పెదవులు రెండూ అతుక్కుపోతున్నాయి. వాటిని విడదీసేలోపు మైనం చల్లారుతుంది. నాలుకతో తడుపుకుందామంటే నాలుకే ఎండిన మామిడితాండ్రలా ఉంది. అందుకని లేచి పెరట్లోకి వెళ్ళి కూజాలో నీళ్ళు గుక్కెడు తాగి, ఆ చేత్తోనే మండే కళ్ళు కడుక్కుని వస్తుంది. కూర్చుని నాలుగు చుక్కలు పెడుతుందో లేదో మళ్ళీ లేస్తుంది.

మూకుడు చుట్టూ నలుగురు కూర్చుంటారు. పర్తిని, ఆమెకు కుడిపక్కన రుస్మిని, ఎడమపక్కన తుకీజా, ఎదురుగా డెబ్భై ఏళ్ళ సుమిలా అవ్వ. రుస్మిని లావుగా, నెమ్మదిగా ఉంటుంది, మూడు పూటలా పచ్చిమిరపకాయలు నమలకుండా అన్నం దిగదు. తుకీజా నాలుక చాంటింగ్ ముక్కు కంటే సన్నం, అంతకంటే వేడి. సుమిలా అవ్వ దవడలో తాంబూలం లేని క్షణం ఆ ఊళ్ళో ఎవరూ చూడలేదు. ఇక ఆవిడ నోట్లో రహస్యం నిలవడం మాట దేవుడెరుగు, నువ్వుగింజ కూడా నానదు.

పర్తిని సంగతి వేరు. ఆమె నోట్లో నువ్వుగింజ నిజంగానే నానదు, రాత్రంతా ఉంచినా. ఒకప్పుడు ఆ మూకుడి దగ్గర కబుర్లన్నీ ఆమెవే. ఇప్పుడు మాట మొదలుపెడితే సగంలో నాలుక అంగిలికి అంటుకుంటుంది. "మా ఇంట్లో ఎనిమిది నెలలుగా గొడవల్లేవు, మా ఆయన దేవుడికి దండం పెట్టుకుంటున్నాడు" అని తనే నవ్విస్తుంది. ఊళ్ళో ఆరోగ్యకేంద్రం డాక్టరు మూడుసార్లు చూసి మూడుసార్లూ ఒకటే చెప్పాడు. నీళ్ళు బాగా తాగమ్మా, వయసు కదా, దిగులు పెట్టుకోకు అని.

పనిశాల యజమానురాలిని బు సస్త్రో అంటారు, సస్త్రో అమ్మగారని. ఆవిడ చెడ్డమనిషి కాదు గానీ గోడ గడియారానికి ఎదురుగా కుర్చీ వేసుకునే రకం. అయిదు రోజులకోసారి వచ్చే ఆ పోన్ సంతరోజున పర్తిని పదకొండోసారి లేచి వచ్చేసరికి, ఆమె కొయ్యదండెం మీద వేలాడుతున్న గుడ్డ లేదు. రుస్మిని దండెం మీద ఉంది. అది ఒక పెళ్ళికూతురు కట్టుకునే సిడోముక్తి బాటిక్, రెక్కల బొమ్మల మధ్య ఆవగింజల్లాంటి చుక్కలు వేలాదిగా పెట్టాల్సిన గుడ్డ. ఆ చుక్కల్లో పర్తినికి ఈ చుట్టుపక్కల సాటి లేదని ఒప్పుకోనివాళ్ళు లేరు. సగం ఆమె పెట్టేసింది కూడా. ఇప్పుడు ఆమె పీట ముందు వేరే గుడ్డ వేలాడుతోంది, పక్కన వెడల్పాటి కుంచె ముక్కు చాంటింగ్. నేపథ్యమంతా మైనంతో పూడ్చే పని. పనిలో చేరిన మొదటి నెలలో పిల్లలకిస్తారు.

పర్తిని నిలబడే ఉంది. ఏదో చెప్పబోయింది. ముఖం ముడుచుకుంది, భుజాలు కదిలాయి, వెక్కిళ్ళొచ్చాయి. కంట్లోంచి మాత్రం ఒక్క చుక్క రాలేదు.

బు సస్త్రో అదే చూసింది.

"ఏడుపుకైనా కాస్త తడి ఉండాలి పర్తినీ. ఈ వయసులో నా దగ్గర నాటకాలేంటి? నిజంగా జబ్బయితే కాగితం తీసుకురా. వచ్చే పోన్ సంతకి నా చేతిలో పెట్టు, గుడ్డ నీది. లేదంటే ఇక ఎప్పటికీ పూడిక పనే."

రుస్మిని తల వంచుకుని ఆ గుడ్డ మీద ఒక చుక్క పెట్టింది. అది పక్కనున్న పర్తిని చుక్కల మధ్య ఉలవగింజలా కనిపించింది.

*

యోగ్య నగరంలో పళ్ళ డాక్టర్ల కళాశాల ఒకటుంది. నోరెండిపోయేవాళ్ళ ఉమ్మిని కొత్తగా పరీక్ష చేస్తున్నారని తుకీజా మరిది ఎక్కడో విన్నాడు. మర్నాడే పర్తిని బస్సెక్కింది. అక్కడ నికెన్ అనే ఆవిడ కనిపించింది. ముప్పై అయిదేళ్ళుంటాయి, తెల్లకోటు జేబులో నాలుగు పెన్నులు. పర్తిని చెప్పిందంతా మధ్యలో అడ్డు రాకుండా వింది. అలా వినే మనిషి దొరికి చాలాకాలమైంది కాబట్టి పర్తిని రెండు గ్లాసుల నీళ్ళు తాగుతూ మరీ చెప్పింది.

నికెన్ ఆ జబ్బు పేరు చెప్పింది. ఎవరో స్వీడన్ డాక్టరు పేరట. పలకాలన్నా నోట్లో తడి కావాలి, పర్తిని ఆ ప్రయత్నం చేయలేదు. కానీ ఆమె విడమర్చి చెప్పింది మాత్రం బుర్రలో నాటుకుంది. ఒంటికి కాపలా కాయాల్సినవాళ్ళే దారితప్పి సొంత ఇంటి బావుల్ని పూడుస్తారట. నోటి బావులు, కంటి బావులు. అలా పూడ్చేటప్పుడు వాళ్ళ కాలిగుర్తులు ఉమ్మిలో పడతాయట, కొన్ని రకాల ప్రొటీన్లుగా. ఆ గుర్తులు వెతకడమే తన పని, ఇది రక్తపరీక్షకి తోడు అంది.

అంతా బాగానే ఉంది గానీ, ఉమ్మమనేసరికి పర్తిని బిగుసుకుపోయింది. గదిలో ఒక పెద్ద డాక్టరు, ఇద్దరు మగ విద్యార్థులు. నలుగురి ముందు పెదవి వేలాడేసి గొట్టంలోకి కార్చడమా? నికెన్ చూసి అర్థం చేసుకుంది. మూతి వెడల్పుగా ఉన్న గాజుగొట్టం ఒకటి చేతికిచ్చి, ఇంటి దగ్గరే చేసుకుని ఐసులో పెట్టి తెమ్మంది. పొద్దున్నే, పళ్ళు తోమకముందు, ఏమీ తినకుండా, పావుగంట కదలకుండా కూర్చోవాలి. ఎంత వస్తే అంత. గొట్టం మీద గీతలున్నాయి. ఎక్కడిదాకా అని పర్తిని అడిగితే, మామూలు మనిషికైతే ఇక్కడిదాకా వస్తుందని నాలుగో గీత మీద వేలు పెట్టి చూపించింది.

ఆ వేలు పెట్టకుండా ఉండాల్సింది.

*

తెల్లారి పర్తిని వంటింటి గుమ్మంలో పావుగంట కూర్చుంది. మొగుడు కోళ్ళకి మేత వేస్తూ, ఏంటే ధ్యానమా అని అడిగితే చేత్తో పొమ్మంది. పావుగంట అయ్యాక గొట్టం వెలుతురుకి ఎత్తి చూసింది. అడుగున బంకలాంటి పొర. మొదటి గీత ఎక్కడో పైన ఉంది.

అదే గొట్టాన్ని ఐసుముక్కల మధ్య క్యారియరు అడుగు గిన్నెలో పెట్టుకుని బస్సుకి బయల్దేరింది. పై గిన్నెలో నికెన్ కోసం బెల్లం వేసి వండిన జిగురన్నం ముక్కలు. దారిలో పనిశాల తగిలింది. ఆ రోజుకి సెలవు చెప్పిపోదామని లోపలికి వెళ్ళడం ఆమె చేసిన మొదటి తప్పు. ముగ్గురికీ గొట్టం తీసి చూపించడం రెండోది.

ముగ్గురూ గొట్టం వైపు చూశారు. తర్వాత ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ ఊళ్ళో పక్కింటివాళ్ళు గిన్నెలో కూర పంపితే ఆ గిన్నె ఖాళీగా తిరిగి వెళ్ళదు. ఏమీ లేకపోతే నాలుగు మిరపకాయలైనా, ఒక అరటిపండైనా పడాలి. ఖాళీ గిన్నె పంపిన ఇల్లంటే, అక్కడ ఎవరికో మర్యాద తెలీదని అర్థం. పర్తిని పుట్టి నలభై తొమ్మిదేళ్ళయింది, ఒక్క ఖాళీ గిన్నె ఆమె చేతిమీదుగా గుమ్మం దాటలేదు.

"ఇలా తీసుకెళ్తావా? ఆవిడ అంత ఆదరంగా ఇచ్చింది కదా పాపం" అంది రుస్మిని. పెళ్ళికూతురి గుడ్డ తన దండెం మీదికి వచ్చినప్పటినుంచి ఆవిడకి అన్నం సహించడం లేదు.

"గీత దాకా లేకపోతే యంత్రం పట్టించుకోదేమో కూడా" అంది తుకీజా. "మా మరిది బండికి పెట్రోలు అంతే, గీత కింద ఉంటే కదలదు."

పర్తిని తటపటాయించింది. ఇది తన ఉమ్మి కదా, తన జబ్బు కదా. అప్పుడు ఆమెకి సోయాగింజలు పులియబెట్టి చేసే టెంపే గుర్తొచ్చింది. కొత్త టెంపే వేసేటప్పుడు బుట్టెడు ఉడికిన సోయాగింజలకి పాత పొడి చిటికెడు చాలు, తెల్లారేసరికి బుట్టంతా పట్టేస్తుంది. తనది ముందే అడుగున ఉంది. జబ్బన్నది ఉంటే ఆ చిటికెడే మిగతాదాన్ని పట్టదా? ఎంత ఆలోచించినా ఇందులో లోటు కనిపించలేదు. నాకూ ఆ క్షణంలో కనిపించి ఉండేది కాదు.

ఇక పని మొదలైంది. రుస్మిని కళ్ళు మూసుకుని పచ్చిమామిడికాయ, ఉప్పూకారం తలుచుకుంది. అంతే, రెండు గీతలు. తుకీజా, మామిడికాయ కూడా ఎందుకు, మా అత్త మాటలు తలుచుకుంటే చాలు ఉమ్మబుద్ధేస్తుంది అని మిగతా గీతలు నింపింది. నవ్వులతో మూకుట్లో మైనం చల్లారిపోయింది. తిలాపాపం తలా పిడికెడు అంటారే, అది అంత సరదాగా జరగడం ఆ రోజే చూడాలి.

అవ్వ కూడా లేచి, చెంగుతో మూతి తుడుచుకుని గొట్టం కోసం చెయ్యి చాపింది.

"నువ్వొద్దవ్వా" అంది తుకీజా. "నీది ఎర్రగా ఉంటుంది. ఆవిడ రక్తమనుకుని ఆసుపత్రిలో పడేస్తుంది."

అవ్వ చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ మూకుడి దగ్గర యాభై ఏళ్ళుగా పెళ్ళికైనా చావుకైనా తన వాటా పడని పని లేదు. ఆ పూటంతా ఆవిడ ఎవరితోనూ మాట్లాడలేదు, అది ఎవరూ గమనించలేదు.

*

మూడు రోజుల తర్వాత కాగితం తెచ్చుకోవడానికి వెళ్తే నికెన్ ముఖం అదోలా ఉంది. కాగితం ఇస్తూ ఇంకోసారి అడిగింది. పావుగంటేనా, ఏమీ తినలేదా, మీరొక్కరే కూర్చున్నారా అని. పక్కన పెద్ద డాక్టరున్నాడు. పర్తిని నేల చూస్తూ అన్నిటికీ తలూపింది. కాగితంలో ఉమ్మి కొలత మామూలుగా ఉందని, గుర్తులు కూడా మామూలుగానే ఉన్నాయని రాసి ఉంది. టెంపే ఈసారి పట్టలేదు.

నిజం చెప్పేద్దామని పర్తినికి నోటిదాకా వచ్చింది. ముగ్గురు ఆడవాళ్ళం కలిసి ఉమ్మామని ఒక తెల్లకోటు మనిషికి, మరో తెల్లకోటు మనిషి ముందు, ఏ నోటితో చెప్పడం? థాంక్స్ చెప్పి క్యారియరు అడిగింది. నికెన్ ఇవ్వలేదు. జిగురన్నం చాలా బాగుంది, క్యారియరు నేనే తెస్తాను, ఊరికే ఇవ్వడమేంటి అంది. ఆవిడా ఆ నేలలో పుట్టిందే కదా.

ఆ రోజే పోన్ సంత. ఊరికి తిరిగొచ్చి ఇస్తే బు సస్త్రో కాగితం రెండుసార్లు చదివింది. తిట్టలేదు. మడిచి తిరిగిచ్చేసింది. తిట్టి ఉంటే బాగుండేదని పర్తినికి అనిపించింది. వెళ్ళి తన పీట మీద కూర్చుని కుంచె ముక్కు చాంటింగ్ మైనంలో ముంచింది. ముప్పై ఏళ్ళ పనితనం ఒక పక్క, ఆ కాగితం ఒక పక్క. తాను అబద్ధమాడుతోందని తన ఉమ్మే సాక్ష్యం చెప్పింది, అందులో తనది పొరంతే ఉన్నా సరే. రుస్మిని ఆ రోజు మూడు చుక్కలు చెడగొట్టింది, నాలుగోది పెట్టలేక చాంటింగ్ కింద పెట్టి, బు సస్త్రోకి అన్నీ చెప్పేస్తానని లేవబోయింది. పర్తిని ఆమె కట్టుగుడ్డ అంచు పట్టుకుని కూర్చోబెట్టింది. చెప్తే ఉద్యోగం నలుగురిదీ పోవచ్చు.

*

ఆ తర్వాత రెండో రోజు పొద్దున పనిశాల ముందు స్కూటరు ఆగింది. నికెన్ దిగింది. చేతిలో పర్తిని క్యారియరు, అన్ని గిన్నెల్లోనూ ఏదో ఉంది. మూతలు తీస్తే పనసకాయ కూర, గుడ్లు, కరకరలాడే అప్పడాలు. ఇంత మర్యాదస్తురాలు మా ఇంటికొచ్చిందని బు సస్త్రో కుర్చీ వేసింది, టీ పెట్టించింది. నికెన్ మాత్రం పర్తిని వైపే చూస్తోంది. ఆ గొట్టంలో మిరపకాయ ఘాటు ఉంది, చిగుళ్ళలోంచి రక్తం వస్తున్న గుర్తుంది, అంత ఉమ్మి ఉన్న మనిషి రెండు గ్లాసుల నీళ్ళు లేకుండా పది మాటలు చెప్పలేకపోయింది. లెక్క కుదరక ఆవిడకి రెండు రోజులుగా నిద్ర లేదు. కానీ పెద్దావిడని పట్టుకుని ఎలా అడగడం? అప్పడాల రుచి గురించి, వానల గురించి మాట్లాడుతూ కూర్చుంది. వీళ్ళూ వానల గురించే జవాబు చెప్పారు. అలా సాయంత్రం దాకా సాగి ఉండేదే.

సుమిలా అవ్వ తాంబూలం పక్కకి నెట్టింది.

"ఏమ్మా డాక్టరమ్మా, నువ్వే చెప్పు న్యాయం. ముందు పర్తిని వేసింది, ఆ తర్వాత రుస్మిని వేసింది, తుకీజా వేసింది. నేనడిగితే నన్నొక్కదాన్నే వద్దన్నారు. ఎర్రగా ఉంటే ఉమ్మి కాదా? ఈ మూకుడి దగ్గర అందరికంటే పెద్దదాన్ని నేను."

తుకీజా, జీవితంలో మొదటిసారి, జవాబు లేక మూకుడు కింద మంట సర్దింది. పర్తిని ముఖం చేతుల్లో దాచుకుంది. నికెన్ టీ గ్లాసు కింద పెట్టింది. ఆవిడ భుజాలు ఊగడం చూసి రుస్మిని హడలిపోయింది, కోపమనుకుని. నవ్వు. ఆపుకోలేక, కళ్ళజోడు తీసి తుడుచుకునేంత నవ్వు.

నవ్వయ్యాక ఇంకో గొట్టం బయటికి తీసింది. ఇప్పుడే, ఇక్కడే, నేనే చూస్తాను అంది. కానీ గంటసేపు నీళ్ళు ముట్టకూడదు. పర్తిని అది విని పెరటి వైపు ఒకసారి చూసి, సరేనంది.

ఆ గంటా ఆమె పూడిక పని చేస్తూనే ఉంది. నికెన్ ఒక గుడ్డపీలిక మీద చుక్క పెట్టడం నేర్చుకోబోయి పెద్ద మరక చేసింది, తుకీజాకి మాట తిరిగొచ్చింది. బు సస్త్రో మాత్రం కుర్చీ తిప్పుకుంది. గడియారానికి వీపు పెట్టి పర్తినిని చూసింది. ఇరవై నిమిషాలకి పెదవుల మూలలు తెల్లబడ్డాయి. అరగంటకి, మింగబోయి మింగలేక మెడ ముందుకి సాచింది. రుస్మిని ఏదో అడిగితే జవాబు చెప్పబోయింది, నాలుక అంగిలి నుంచి ఊడిన చప్పుడు కుర్చీ దాకా వినబడింది. ఎనిమిది నెలలుగా ఎదురుగానే ఉన్నదాన్ని బు సస్త్రో అప్పుడు చూసింది.

తర్వాత పావుగంట పర్తిని తల వంచి గొట్టం పెదవికి ఆనించి కూర్చుంది. అందరూ ఆడవాళ్ళే, సిగ్గుపడలేదు. ఎవరూ మామిడికాయ మాట ఎత్తలేదు. టైము అయిందని నికెన్ అంటే తల ఎత్తింది. గొట్టం అడుగున అదే పొర. మొదటి గీతకి అందలేదు.

అలవాటున పర్తిని చుట్టూ చూసింది, ఇందులో వేయడానికి ఇంకేమన్నా ఉందా అన్నట్టు.

"ఇలా ఇచ్చెయ్యండి" అంది నికెన్. "నాకు కావాల్సింది ఈ ఖాళీయేనండీ. ఆ రోజు నాలుగో గీత చూపించడం నాదే తప్పు."

పర్తిని ఇచ్చింది. నికెన్ దాన్ని నిండుగిన్నె అందుకున్నట్టు రెండు చేతులా అందుకుంది.

మొదటి కాగితం చింపేసి ఇంకోటి రాస్తూ చెప్పింది. గుర్తుల సంగతి యంత్రం చెప్పాలి, పూర్తిగా తేలడానికి రక్తం చూడాలి, పెదవి లోపల చిన్న ముక్క కూడా తీయాల్సి రావచ్చు. పూర్తిగా పోయే జబ్బు కాదు, కానీ మందులున్నాయి, కంట్లో వేసుకునే చుక్కలున్నాయి. పావుగంటలో వచ్చింది ఇంతేనని మాత్రం ఇవాళే రాసిస్తాను అంది.

"కంట్లోకా?" అంది బు సస్త్రో.

"కళ్ళు కూడా ఎండిపోతాయండీ. చాలామందికి ఏడిచినా నీళ్ళు రావు."

బు సస్త్రో కాగితం అందుకోలేదు. లేచి పెరట్లోకి వెళ్ళింది. చాలాసేపటికి కూజా ఎత్తుకుని వచ్చి పర్తిని పీట పక్కన పెట్టింది, గ్లాసు దాని మీద బోర్లించింది. రుస్మిని దండెం మీద గుడ్డ తనే తీసి పర్తిని దండెం మీద వేసి, అంచులు సమంగా ఉన్నాయా లేదా అని అక్కర్లేనంతసేపు సర్దింది. అప్పుడు ఆవిడ ముఖం అందరికీ కనిపించింది. నీళ్ళు గడ్డం దాకా కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

"ఆ మాట అనకుండా ఉండాల్సింది పర్తినీ" అంది. "ఏడుపు గురించి."

పర్తిని ముఖం ముడుచుకుంది, భుజాలు కదిలాయి, కళ్ళు పొడిగానే ఉన్నాయి. అది చూసి రుస్మిని ముక్కు ఎగబీల్చింది. ఆమెని చూసి తుకీజా చెంగు కళ్ళకి అద్దుకుంది. పర్తినికి రావాల్సిన కన్నీళ్ళు ఆ మూకుడి చుట్టూ తలా కాస్తా కారాయి.

సుమిలా అవ్వ అందరినీ ఒకసారి కలియజూసింది.

"ఈసారైనా నన్ను కలుపుకోండే" అంది. "ఇవి ఎర్రగా ఉండవులే."

పర్తిని గుక్కెడు నీళ్ళు తాగి, నవ్వు ఆగేదాకా ఆగి, చాంటింగ్ మైనంలో ముంచి పెదవుల దగ్గరికి తెచ్చుకుంది. ఊదింది.